వేసిన బ్రేకు

జూ పెద్దాఫీసరు సాహెబు నాలుగింటికల్లా వస్తానన్నాడు. నాలుగు దాటి చాలాసేపయింది, కూలరులో నీళ్ళు అయిపోయి వేడిగాలే గదంతా తిరుగుతోంది, కూర్చోవడానికి ఇంకో కుర్చీ లేదు కాబట్టి జ్యోతిర్మయి డ్రైవరు సీటులోనే కూర్చుంది. ప్లైవుడ్డుతో చేసిన ఇంజను. ముందు అద్దం ఉండవలసిన చోట పెద్ద తెర, తెర మీద కదలకుండా నిలిచిపోయిన రైలుదారి, రెండు వైపులా సాల్ చెట్లు, దూరంగా ఒక వంపు. చూపు వంపు దగ్గరికి వెళ్ళగానే వెనక్కి తీసుకుంది. తీసుకుని గదిలో మిగిలినవి చూసింది. ఇంకా ప్లాస్టిక్ కాగితం విప్పని ఫైబరు ఏనుగు, ఊపిరి కోసం వదిలినట్టు తొండం ఒక్కటే బయటికి ఉంది. రోజుకి ఏనుగు ఎంత మేస్తుందో చెప్పే చక్రం. తొండం లాంటి తొడుగులో చెయ్యి పెట్టి వేరుశనగ గింజను పైకెత్తే పెట్టె. ఏనుగులు మన చెవికి అందనంత కింది స్వరంలో మాట్లాడుకుంటాయి కదా, అరచెయ్యి ఆనిస్తే ఆ మాట వణుకులాగా తెలిసే చెక్క పలక. ఇవన్నీ ఆమె ఆలోచనలే. ఒక్క ఏనుగు కూడా లేని జూలో ఏనుగుల గది కట్టాలన్నది మాత్రం పైవాళ్ళ ఆలోచన. అంతరించిపోతున్న జంతువు, పిల్లలు ఆడుకుంటూ నేర్చుకోవాలి, రేపు ప్రారంభం, రిబ్బను కూడా వచ్చేసింది. ఇవాళ సాహెబు వచ్చి తేల్చవలసింది ఒక్కటే మిగిలింది. ఈ ఇంజనులో కూర్చున్న పిల్ల బ్రేకు వేస్తే బండి ఏనుగుల ముందు ఆగాలా, ఆగకూడదా.

ప్లైవుడ్డులో ప్లైవుడ్డు కానిది బ్రేకు హేండిలు ఒక్కటే. రైలింజన్ల షెడ్డులో పనికిరాదని పక్కన పెట్టిన ఇంజనుది, తుక్కు వేలంలో కొని, ఈ గది డిజైను చేస్తున్న మైత్రి వాళ్ళ నాన్న భాస్కరరావుగారు తెచ్చి బిగించారు. షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి, బిగించాక గుడ్డతో చేతులు తుడుచుకుని ఆమె వైపు చూడకుండా వెళ్ళిపోయారు. పట్టు ఉన్నచోట రంగు పోయి నున్నగా మెరుస్తోంది, ఎన్ని అరచేతులు రుద్దుకుంటే అలా అవుతుంది. రైలు నడిపిన తన భర్త చంద్రమౌళి చెయ్యి కూడా దీని మీద పడి ఉండొచ్చు. పడకపోయీ ఉండొచ్చు, బిలాస్‌పూర్ షెడ్డులో ఇంజన్లకేం కొదవ. అయినా దాన్ని బిగించిన రోజునుంచీ ఆమె ముట్టుకోలేదు. ఆ చేతిని తలచుకుంది, ముందు అన్నం కలుపుతున్న చెయ్యి, తరవాత పైకెత్తిన చెయ్యి. డ్యూటీలో ఇంజను నడిపే పైలటూ పక్కనుండే అసిస్టెంటూ కనపడిన ప్రతి సిగ్నలునీ చెయ్యెత్తి పైకి చెప్పుకోవాలి, ఒకరు గ్రీన్ అంటే రెండోవారు గ్రీన్ అనాలి, అన్నాకే బండి ముందుకి. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చింది. స్టేషను చౌకులో స్కూటరు మీద వెళుతూ దీపం కనపడగానే చెయ్యెత్తి రెడ్ అనేవాడు, పక్కన రిక్షావాడు నవ్వేవాడు. పెళ్ళయిన కొత్తలో నిద్రలో ఎల్లో అన్నాడు. ఆమెకేమీ అర్థం కాలేదు. ఎల్లో, అని ఇంకా గట్టిగా అన్నాడు. పక్క గదిలోంచి అత్తగారు అచ్చియమ్మ ఎల్లో అంది, అతను అటు తిరిగి పడుకున్నాడు. పొద్దున్న ఆవిడే పోపు వేస్తూ చెప్పింది, "మీ మావకీ నానే పలికీదాన్నమ్మా. పలక్కపోతే ఈళ్ళకి బండీ కదల్దు, నిద్రా రాదు. ఇంక నీ డ్యూటీ." ఆ రోజునుంచి ఆమె పలికింది. నిద్రలోనే పలకడం నేర్చుకుంది. తరవాత, ఆ పొద్దు తరవాత, అతను నిద్రలో రంగులు చెప్పడం మానేశాడు. బ్రేకు అనేవాడు. ఆ మాటకి తిరిగి ఏమనాలో ఏ రూలు పుస్తకంలోనూ లేదు.

"ఆంటీ, చాయ్." మైత్రి కాగితపు గ్లాసు ప్లైవుడ్డు కిటికీలోంచి లోపలికి పెట్టింది. రాయపూర్‌లో డిజైను కంపెనీలో పని, ఈ గది ప్రాజెక్టు కోసం రెండు నెలలుగా ఇక్కడే ఉంది. ఒకప్పుడు రైల్వే స్కూల్లో జ్యోతిర్మయి దగ్గర సైన్సు చదువుకున్న పిల్ల. "సాహెబు గాడీ బయల్దేరిందంట. వాళ్ళ మనవరాలిని కూడా తెస్తున్నాడంట, టెస్టింగ్ కే లియే."

"తీసుకురానీ."

"రెండు వెర్షన్లూ లోడ్ చేసి పెట్టీసేను ఆంటీ. ఇంజను ఎనకాల స్విచ్ ఉంది. పైకంటే ఆగుతాది, కిందికంటే ఆగదు." తన గ్లాసులోకి చూసింది. "ఆగేదే పెట్టీమనండి ఆంటీ. బచ్చే హై నా. పిల్లలు ఏడుస్తారు."

"మీ నాన్నగారు ఏమన్నారు?"

"నాన్న ఏటంటారు. ఇంటికెళ్ళి స్నానం చేసి పడుకున్నారు. అమ్మ అడిగితే, అది మనింటి విషయం కాదు అన్నారు."

మనింటి విషయం కాదు. నిజమే. టీలో అల్లం ఎక్కువైంది, గొంతులో మంటగా దిగింది, దిగుతూ ఉండగా ఈ ఇంజను ప్లాను తేల్చిన కమిటీ గది గుర్తుకొచ్చింది, అక్కడ కూడా ఇలాంటి టీయే. ఆమె మొదట రాసిచ్చినది ఇది కాదు. ఆమె రాసిచ్చినదానిలో ఈ సీటు ముందు మూడు వస్తువులున్నాయి. ఒకటి వాకీటాకీ, అందులోంచి అడవిలో కాపలా మనిషి గొంతు వస్తుంది, ఏనుగులు పట్టాల వైపు వస్తున్నాయి అని. రెండోది వేగం తగ్గించే పిడి. మూడోది బ్రేకు. మాట విని ముందుగానే వేగం తగ్గించిన పిల్ల ఏనుగుల్ని దాటనిస్తుంది. వినకుండా వచ్చి వంపు తిరిగాక బ్రేకు వేస్తే బండి ఆగదు, నిండు బొగ్గు బండి అంత దూరంలో ఆగదు, దేవుడు దిగొచ్చి వేసినా ఆగదు. పిల్లలు తెలుసుకోవలసింది అదే. ఎప్పుడో ఎనిమిదో తరగతిలో ఒక కుర్రాడు లేచి, మేడమ్ ట్రైనుకి బ్రేకు ఉండదా అని అడిగినప్పుడు ఆమె సుద్దముక్కతో బోర్డు మీద చెప్పింది కూడా అదే. తరగతి అంతా ఆమె ముఖం వంకే చూస్తోంది, అందరికీ తెలుసు ఎవరి భార్యో, ఆమె బరువూ వేగమూ రాసి గుణించి, జవాబు కింద గీత గీసింది. కమిటీలో మాత్రం ఎవరికీ తెలియదు, లేక తెలిసీ తెలియనట్టున్నారు. ఒక శాఖ తరపున వచ్చిన ఆయన కాగితం చూసి నవ్వాడు. మేడమ్, మా మెసేజ్ రాకపోతే ప్రమాదం అన్నట్టుంది, బాగుండదు, వాకీటాకీ తీసేద్దాం. రెండో శాఖ తరపున వచ్చిన ఆయన కూడా నవ్వాడు. మెసేజ్ లేనప్పుడు స్పీడ్ పిడి ఎందుకు, మా వాళ్ళు స్పీడ్‌గా నడుపుతున్నారని పబ్లిక్ అనుకుంటారు, అదీ తీసేద్దాం. ఇద్దరూ ఒకరికొకరు బిస్కెట్ల ప్లేటు జరుపుకున్నారు. తీసేశారు. ఇద్దరూ ఎంత మర్యాదగా తప్పుకున్నారు. ఇక బ్రేకు మిగిలింది, బ్రేకు ముందు డ్రైవరు ఒక్కడు మిగిలాడు. అప్పుడు సాహెబు తలపంకించి అన్నాడు, ఇప్పుడు సింపుల్‌గా ఉంది, పిల్ల బ్రేకు వేస్తుంది, బండి ఆగుతుంది, గున్న ఏనుగు తొండం ఊపుతుంది, చప్పట్లు, శాబాష్ అని ఒక గొంతు, అంతే. హ్యాపీగా ఇంటికెళతారు. ఆగదని రాయండి అని ఆమె అంది. మేడమ్, మీరు టీచరు, పిల్లల మనసు మీకు నేను చెప్పాలా అన్నాడు. ఆమె ఊరుకోలేదు, ఊరుకోనందుకే ఇవాళ ఇక్కడ రెండు వెర్షన్లూ ఒక స్విచ్చూ ఉన్నాయి. కానీ ఎందుకు ఊరుకోలేదో వాళ్ళకి చెప్పలేదు. బండి ఆగుతుందని ఈ గది చెప్పిందంటే, ఏటా వేలమంది పిల్లలకి చెప్పిందంటే, ఆగని బండి నడిపినవాడు బ్రేకు వెయ్యలేదనే అర్థం. వాళ్ళు హ్యాపీగా ఇంటికెళతారు. వెళ్ళి అన్నాలు తింటూ, ఆ డ్రైవరుకి ఏం పోయేకాలం అనుకుంటారు.

బయట ఎక్కడో నెమలి అరిచింది. కోళ్ళ మాంసం తోసుకుంటూ పోతున్న బండి చక్రం కీచుమంటోంది, పులికి తిండి పెట్టే వేళ. ఆ రోజు పొద్దున్న ఏడు కూడా కాలేదు, స్కూలుకి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే ఫోను మోగింది. ముందు గాలి. తరవాత మనుషుల అరుపులు, ఎవరో ఛత్తీస్‌గఢీలో ఏడుస్తున్నారు. తరవాత అతని గొంతు, "జ్యోతీ, నాను బ్రేకు ఏసీసినాను." దెబ్బలేమైనా తగిలాయా అని ఆమె అడిగింది. "నేదు. నాను బ్రేకు ఏసీసినాను." అంతే, మళ్ళీ గాలి. తరవాత ముక్కలు ముక్కలుగా చెప్పాడు, వారాల తరబడి, స్నానం చేస్తూ, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ. మంచు. వంపు. వంపు తిరగ్గానే పట్టాల మీద పెద్ద నలుపు, దాని పక్కన చిన్న నలుపు. అతను హేండిలు చివరిదాకా తోసి పట్టుకున్నాడు, అసిస్టెంటు హారన్ మీద పడ్డాడు. చిన్నది కదల్లేదు. పెద్దది కదిలి వెళ్ళిపోగలిగేదే, వెనక్కి తిరిగి చిన్నదాని దగ్గరకి వచ్చింది. బండి ఆగింది. ఆగలేదని కాదు, ఆగింది, చాలా ముందుకి వెళ్ళి ఆగింది. ఏనుగులు ఉన్నాయన్న కబురు ఆ ముందు సాయంత్రమే ఎవరో ఎవరికో చెప్పారట, ఆ ఎవరో ఇంకెవరికో చెప్పవలసి ఉందట, ఏ గదిలో ఏ బల్ల మీద ఆగిపోయిందో. బండికంటే త్వరగా ఆగేది ఆ కబురొక్కటే. ఊళ్ళోవాళ్ళు పసుపూ సింధూరమూ పూలూ తెచ్చి తల్లీ పిల్లల మీద వేశారు, అగరొత్తులు వెలిగించారు, ఆ ఫొటో పేపర్లో వచ్చింది, పక్కనే డ్యూటీ బట్టల్లో తల వంచుకున్న అతని ఫొటో. ఇప్పుడక్కడ దిబ్బ మీద చిన్న గుడి, ఎర్ర జెండా. ఎంక్వయిరీ అయింది, డ్రైవరు తప్పు లేదని కాగితం వచ్చింది. మళ్ళీ అదే లైనులో డ్యూటీ వేశారు. వెళ్ళిన ప్రతిసారీ ఆ జెండా ముందునుంచే వెళ్ళాలి. అక్కడ పొడుగ్గా హారన్ కొట్టేవాడట, ఆ హారన్ ఏ రూలులోనూ లేదు, కొత్త అసిస్టెంట్లు నవ్వుకునేవారట.

తప్పు లేదని కాగితం చెప్పింది. నోరు తెరిచి మనిషెవరూ చెప్పలేదు. ఎదురు క్వార్టరు అప్పయమ్మ కరివేపాకు కోసం వచ్చి, గుమ్మంలోనే నిలబడి, లోపల అతను వింటున్నాడని తెలిసి, "ఏటమ్మా, మీ ఆయనకి అగుపించనేదేటి? అదేమైనా సీమా, దోమా? అంత జంతువు," అంది. అని కరివేపాకు పట్టుకెళ్ళింది, వినాయకుడి పేరు చెప్పి చెంపలు కూడా వేసుకుంది. ఆ ఏడు చవితికి తెలుగు సంఘం కార్యదర్శి జగన్నాథం ఇంటికొచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. "మౌళీ, ఏటనుకోకు. ఎప్పుడూ నువ్వే పీటల మీద కూకుంతావు గానీ, ఈ యేడు వొద్దులే. పబ్లిక్కు కదా. గణపతి ముందర నువ్వు కూకుంతే ఎవుడో ఒకడు ఏదో ఒకటి అనీస్తాడు." అచ్ఛా, అన్నాడు చంద్రమౌళి. ఒక్క మాట. టీ తాగి వెళ్ళమన్నాడు. మరికొన్నాళ్ళకే షెడ్డులో విశ్వకర్మ పూజ, ఏటా ఇంజనుకి కొబ్బరికాయ కొట్టే సీనియరు అతను, మట్టి విశ్వకర్మ పక్కన ఎప్పుడూ ఉండేదే ఆయన వాహనం, మట్టి ఏనుగు. కొబ్బరికాయ ఎవరో ఇంకొకరి చేతికిచ్చారు. అతను వెనక వరసలో, జనరేటరు పక్కన నిలబడి, దణ్ణం పెట్టేటప్పుడు కూడా కళ్ళు పైకెత్తలేదు. ఆమె చూసింది. ఇంటికొచ్చి ప్రసాదం డబ్బా బల్ల మీద పెట్టి మళ్ళీ అదే అన్నాడు, నాను బ్రేకు ఏసీసినాను. వేశారండీ, నాకు తెలుసు, అంది ఆమె, ఎప్పుడూ అన్నట్టే. అతను డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టి, కోపం లేకుండా, లెక్క సరిచూసేవాడిలాగా అన్నాడు, "నీకెలా తెలుస్తాది. నువ్వు సూడనేదు కదా."

చూడలేదు. అప్పుడూ చూడలేదు, ఆ తరవాత అతను డ్యూటీ దిగి, సంతకం పెట్టి, డ్రైవర్లు నడుం వాల్చే రన్నింగ్ రూములో బూట్లతోనే మంచం మీద వాలి, ఇంక లేవనప్పుడూ చూడలేదు. గుండె అన్నారు. బూట్లు ఎవరు విప్పారో. అక్కడికి వెళ్ళకూడదు. మనసు అటు పోతుంటే పలక వైపు చూడాలి, చక్రం వైపు చూడాలి, తొండం వైపు. కొందరు వచ్చారు, అప్పుడు మాత్రం నోళ్ళు తెరిచారు, మంచి మనిషమ్మా అన్నారు, జగన్నాథం కళ్ళు తుడుచుకున్నాడు. ఆ మాటలన్నీ ఏడాదిన్నర దాచుకుని శవానికి పెట్టారు. అప్పయమ్మ వంట చేసి పంపింది, పప్పులో కరివేపాకు దండిగా ఉంది.

జ్యోతిర్మయి లేచింది. చీర కుచ్చిళ్ళు ప్లైవుడ్డు అంచుకి తగులుకున్నాయి, విడిపించుకుంది. ఇంజను వెనక్కి వెళ్ళింది. తెల్లటి మామూలు స్విచ్చు, ఇంట్లో ఫ్యానుకి ఉండేలాంటిది, పైకి ఉంది. కిందికి నొక్కింది. టప్ మంది. మైత్రి చూసింది, ఖాళీ గ్లాసులు రెండూ ఒకదాంట్లో ఒకటి పెట్టింది.

సాహెబు చల్లటి కారులోంచి దిగి వచ్చినవాడిలాగే వచ్చాడు, వెంట మనవరాలు, ఏడెనిమిదేళ్ళ పిల్ల, జుట్టుకి పసుపుపచ్చ క్లిప్పులు. నమస్తే మేడమ్, బహుత్ గర్మీ, ఏదీ మన ఇంజను, చల్ బేటా, డ్రైవర్ సాబ్ అయిపో. పిల్ల సీటెక్కింది. కాళ్ళు నేలకి అందలేదు. తెర కదిలింది, సాల్ చెట్లు వెనక్కి పోవడం మొదలుపెట్టాయి, చక్రాల చప్పుడు గది నేలలోంచి వచ్చింది. పిల్ల కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి ఊపింది. మంచు. వంపు. వంపు తిరగ్గానే పెద్ద నలుపు, చిన్న నలుపు. జ్యోతిర్మయి తెర చూడలేదు. పిల్ల చేతుల్ని చూసింది. రెండు చేతులూ హేండిలు మీద పడ్డాయి, చివరిదాకా తోశాయి, తోసి పట్టుకున్నాయి. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. చక్రాలు కీచుమన్నాయి. బండి ఆగలేదు. ఏనుగుల్ని తాకకముందే తెర నల్లగా అయిపోయింది, ఆ చీకటిలో ఏ అరుపూ ఉండకూడదని ఆమే రాసింది, కాబట్టి ఏ అరుపూ లేదు.

పిల్ల ఏడవలేదు. హేండిలు వదల్లేదు. నల్లటి తెర వంకే చూస్తూ, "మైనే లగాయా థా," అంది. మళ్ళీ వెనక్కి తిరిగి, అందరికీ, "నేను వేశాను. బ్రేకు నేను వేశాను," అని హిందీలో గట్టిగా చెప్పింది.

"హాఁ హాఁ బేటా, వేశావు," సాహెబు వెంటనే వంగి పిల్ల తల నిమిరాడు. "నువ్వు కరెక్టుగానే వేశావు. నీ తప్పు ఏం లేదు. మిషనుది తప్పు." ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట, అనుకుంది జ్యోతిర్మయి. వంగి, తల మీద చెయ్యి వేసి, రెండు ముక్కలు. ఒక మనిషి ఏడాదిన్నరపాటు ఒక కాలనీ అంతా తిరిగి ఈ రెండు ముక్కల కోసమే కదా అడుక్కున్నాడు. సాహెబు లేచి నిలబడి మైత్రి వైపు తిరిగాడు. "చూశారా. నా మనవరాలు గట్టి పిల్ల కాబట్టి సరిపోయింది. ఆగేదే పెట్టెయ్యండి, ఇంక డిస్కషన్ లేదు. మేడమ్, మీ పేరు బోర్డు మీద పెద్ద అక్షరాల్లో వేయిస్తున్నాం."

"నా పేరు వద్దండి," అంది ఆమె.

"అరే, మొహమాటం దేనికి?"

"వద్దు. తీసేయించండి."

సాహెబు భుజాలు ఎగరేసి ఫోను చూసుకున్నాడు. పిల్ల ఇంకా హేండిలు పట్టుకునే ఉంది. జ్యోతిర్మయి ప్లైవుడ్డు కిటికీ దగ్గరికి వెళ్ళి, లోపలికి వంగి, ఆ చిన్న చేతుల మీద తన చెయ్యి వేసింది. చేతి కింద, వేళ్ళ సందుల్లోంచి, చల్లటి ఇనుము తగిలింది. "వేశావమ్మా," అంది. "నేను చూశాను."

వెనక స్విచ్చు టప్ మంది. తెర మళ్ళీ వెలిగింది, చెట్లు కదిలాయి, మంచు, వంపు. తాతయ్య చెప్పగా పిల్ల మళ్ళీ హేండిలు తోసింది. బండి ఎంతో మర్యాదగా, ఏనుగులకి కొంచెం ఇవతల, కుదుపైనా లేకుండా ఆగింది. తల్లి దాటింది, గున్న దాటింది, వెనక్కి తిరిగి తొండం ఊపింది. చప్పట్లు మోగాయి. శాబాష్ డ్రైవర్ భయ్యా, అంది రికార్డులో గొంతు. సాహెబు కూడా చప్పట్లు కొట్టాడు, ప్లాస్టిక్ కాగితంలో ఏనుగు పక్కన నిలబడి మైత్రి కూడా, తల వంచుకుని, రెండు సార్లు. పిల్ల కొట్టలేదు. తెరనీ హేండిలునీ మార్చి మార్చి చూసి, కిటికీ దగ్గరున్న జ్యోతిర్మయి వైపు తిరిగింది.

"ఇందాక కూడా ఇలాగే వేశాను కదా," అంది నెమ్మదిగా.

"ఇలాగే," అంది జ్యోతిర్మయి. "సరిగ్గా ఇలాగే వేశావు."

చప్పట్లు ఇంకా మోగుతున్నాయి.